ప్రకటన మీద నా తిట్లు, సగం వాపసు

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు సల్మా టైపు చేస్తోంది. తన మెచ్చుకోలు తాను రాయనని మొరాయించింది. ఒక్క ముక్క వదిలినా ఊరుకోనన్నాను.

సల్మా మార్కాపురంలో సొంతంగా అట్టపెట్టెలకు డిజైన్లు చేస్తుంది. వ్యాపారులూ ఉద్యోగస్తులూ ఉండే ఏదో నెట్‌వర్క్‌లో మూడు నెలలుగా డబ్బు కట్టి ప్రకటన వేస్తోంది. చూసేవాళ్లే తప్ప పిలిచేవాళ్లు లేరు. ఈ నెల కూడా పని రాకపోతే ఇదంతా మానేసి ఉద్యోగంలో చేరతానంది. ఆ ప్రకటన దండగని నేను రోజూ తిట్టాను.

నిన్న ఆ ప్రకటన చూసి ఒక పలకల ఫ్యాక్టరీ యజమాని ఫోన్ చేశాడు. ఈ రోజు తోడుగా నేనూ వెళ్లాను. సల్మా ఆఫీసు గదిలోకి పోకుండా, పలకలు పెట్టెల్లో సర్దే ఆడవాళ్ల దగ్గర కూర్చుంది.

“అక్కా, పెట్టె మీద పేరు కనపడతాదా?”

“యాడ కనపడతాదమ్మా! మేం పెట్టె చుట్టూ ప్లాస్టిక్ పట్టీ బిగించేది ఆ పేరు మీదనే గదా!”

సల్మా అక్కడికక్కడే పేరును పక్కకు జరిపి బొమ్మ గీసి చూపించింది. యజమాని పని ఆమెకే ఇచ్చాడు.

“ఏమయ్యా, ప్రకటన చూసి ఇచ్చినావా, పిల్లను చూసి ఇచ్చినావా?” అని నిలదీశాను.

“ప్రకటన చూసి పిలిచినా అవ్వా. ఇన్నేండ్లు నాకు కనపడని పట్టీ ఆ పాపకు కనపడినందుకు పని ఇచ్చినా.”

అందుకే నా తిట్లలో సగం వెనక్కి తీసుకున్నాను. సొంతంగా డిజైన్లు చేసుకునే పిల్లలూ, మీరు చెప్పండి, మిగతా సగం ఉంచనా, తీసేయనా?