ఫిట్, అన్‌ఫిట్

ఫిట్, అన్‌ఫిట్. వినడానికి అన్నదమ్ముల్లాంటి మాటలు. మా గోదావరిఖనిలో మాత్రం ఒకటి వింటే ఇల్లు చిన్నబోతుంది, ఇంకొకటి వింటే మిఠాయి పంచుతారు. మిఠాయి అన్‌ఫిట్‌కే! బయటివాళ్లకు చెబితే నోరెళ్లబెడతారు. బాయిలో, అంటే బొగ్గుగనిలో, పనిచేసే మనిషి ఇక ఆ పని చేయలేడని మెడికల్ బోర్డు తేలిస్తే ఇంట్లో పిల్లల్లో ఒకరికో, అల్లుడికో ఉద్యోగం వస్తుంది. అందుకే ఆ సంబరం.

నడుము దెబ్బతిని మా బాపు బోర్డుకు వెళ్లాడు. అన్‌ఫిట్ అన్నారు. అందరి నోరూ తీపి చేద్దామని అవ్వ, అంటే మా అమ్మ, చక్కెర డబ్బా తీసింది. బాపు దాన్ని లాక్కున్నాడు.

"నేను పనికిరానని మిఠాయి పంచుతరా? ఇంట్ల ఆ మాట ఎవలన్న అంటె చూడుండ్రి!"

కోపంలో నాది ఆయన పోలికే. ఆ కోపం కింద ఉన్న అవమానం నాకు అర్థమైంది.

పక్కింటి కాక ఊరుకుంటాడా? "కొడుకు లేకపాయె. ఆడపిల్లతోని బాయిపని ఏమైతది? అల్లుడు వచ్చేదాక ఆగు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"నేను చేస్త కాకా. నాకేం తక్కువ?"

బాపు నా వైపు తిరిగాడు. "సర్టిఫికెట్లు తియ్యి బిడ్డా, పోదాం" అన్నాడు.

ఇక నేను ఫిట్ కావాలి. చేరేముందు నాకూ వైద్య పరీక్ష ఉంది. అందులో తప్పితే బాపు వదులుకున్న పని మా ఇంట్లో ఎవరికీ కాకుండా పోతుంది. దవాఖానలో కళ్లు, చెవులు, గుండె అన్నీ చూశారు. బయట బెంచీ ఉన్నా, బాపు ఆ నడుము నొప్పితోనే నిలబడి ఎదురుచూశాడు. "ఫిట్టే బాపూ" అనగానే నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ సాయంత్రం ఆయనే చౌరస్తాకు పోయి జిలేబీ తెచ్చి వాడంతా పంచాడు. కాకకు రెండు ఎక్కువే పెట్టాడు.

ఇప్పుడు నేను ల్యాంపు రూములో పనిచేస్తున్నాను. బాయి దిగేవాళ్ల టోపీ లైట్లు నా చేతుల మీదుగానే పోతాయి. ఇన్నేళ్లూ బాపు చెయ్యి చాచి లైటు తీసుకున్న కిటికీ అదే. అక్కడ నిలబడితే నాకు గర్వంగా ఉంటుంది, ఎందుకు దాచుకోవాలి?

మొన్న పొద్దటి షిఫ్టుకు బాపు నాతో గేటు దాకా వచ్చాడు. కొత్త వాచ్‌మన్ అడిగాడు, "కాకా, ఈ అక్కకు నౌకరి ఎట్ల వచ్చింది?"

బాపు నడుము మీద చెయ్యి ఆనించి వీలైనంత నిటారుగా నిలబడ్డాడు.

"నేను అన్‌ఫిట్ అయిన. నా బిడ్డె ఫిట్ అయింది" అన్నాడు, లోపల షిఫ్టుకు దిగబోయేవాళ్లందరికీ వినపడేలా.