గేటు దగ్గర తుడిచిన స్కానింగు ఫోటో

ఇది ఒక మహాయుద్ధం కథ. కంటికి కనిపించని శత్రువు, ముట్టడిలో ఉన్న కోట, కోటలో నిండు చూలాలు, ద్వారం దగ్గర ప్రాణాలకు తెగించి నిలబడ్డ వీరుడు. ఇలా మొదలుపెడితే బాగుంటుందని నాకూ తెలుసు. కానీ కోట అంటే మైపాడు పోయే రోడ్డు పక్కన మా రెండు గదుల మిద్దె. వీరుడంటే నేను. ఆ యుద్ధమంతటిలో నేను చేసింది బీరకాయలు కడగడం, గేటు గొళ్లెం తుడవడం.

మొన్న ఆదివారం అక్క కూతురు బీరువా అంతా కిందికి లాగింది. తన ఫోటోల్లో అన్నిటికన్నా చిన్నప్పటిది తెచ్చి నోటుబుక్కులో అతికించమని బళ్లో చెప్పారట. అక్క ఆస్పత్రి ఫైలులోంచి అరచేతంత కాగితం ఒకటి జారి పడింది. ఒకవైపు తెలుపు, ఇంకోవైపు మొత్తం బొగ్గు నలుపు. "ఇదేంది మామా?" అంది. "నువ్వే" అన్నాను. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "నేను యాడుండా ఇందులో?" అని నిలదీసింది. న్యాయమైన ప్రశ్న.

కరోనా వచ్చిన ఆ ఏడు అక్క పురిటికి మా ఇంటికి వచ్చింది. బావ సూళ్లూరుపేటలో చిక్కుకుపోయాడు. బస్సుల్లేవు, రైళ్లు లేవు, బండి వేసుకుని బయల్దేరితే దారిలో ఆపి వెనక్కి పంపుతున్నారు. అంతకుముందు ఒకసారి అక్కకు మూడో నెలలోనే కడుపు పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ అనేవాళ్లు కాదు. అనడానికి బదులు అమ్మ కడిగేది. పాల ప్యాకెట్టును సబ్బుతో, ఉల్లిపాయల్ని ఉప్పునీళ్లతో, చిల్లర డబ్బుల్ని సర్ఫుతో కడిగేది. బెల్లం కడిగితే సగం పానకమై తూములో కలిసింది. పుట్టిందగ్గర్నుంచీ సముద్రంలోనే స్నానం చేసిన వంజరం చేపకు మా ఇంట్లో మూడు పసుపునీళ్ల స్నానాలు. చేపలమ్మే ఆమె గేటు బయటే గంప దించి, "సబ్బు కూడా పెడతావా ఏంది వదినా?" అని నవ్వేది. అమ్మ నవ్వేది కాదు. ఆ ఆలోచన ఆమెకు నిజంగానే వచ్చిందని నా అనుమానం.

నాకిచ్చిన ఉద్యోగం గేటు. బయటినుంచి ఏది వచ్చినా అక్కడున్న స్టూలు మీద పెట్టాలి, నేను శానిటైజరు కొట్టి తుడవాలి. తర్వాత గొళ్లెం, స్విచ్చులు, కుళాయి, కుర్చీ చేతులు, మళ్లీ గొళ్లెం. చివరికి దేన్ని తుడిచానో దేన్ని తుడవలేదో నాకే తెలిసేది కాదు కాబట్టి అన్నిటినీ మళ్లీ తుడిచేవాణ్ణి. వేళ్లు నానిన అటుకుల్లా అయ్యాయి. అన్నం కూడా శానిటైజరు వాసనే వేసేది. భయం మొదటి పది రోజులే ఉంది. ఆ తర్వాత ఉన్నదంతా విసుగే.

ఎనిమిదో నెలలో నాయన తన ఆటోలోనే అక్కను నెల్లూరు తీసుకుపోయి స్కానింగు చేయించుకొచ్చాడు. అక్కడ బిడ్డ ఫోటో ఒకటి ఇచ్చారు. బావ పొద్దుటినుంచీ దానికోసం ఫోను పట్టుకుని కూర్చున్నాడు. అక్క అక్కడే ఫోటో తీసి పంపేసి ఉండవచ్చు. కానీ ఫోను బయటికి పోకూడదు, పోతే దాన్నీ తుడవాలి. అది అమ్మ చట్టం. నాయనదేమో బటన్ల ఫోను. అందుకని అక్క ఫైలు స్టూలు మీద పెట్టి, "ముందర ఫోటో తుడవరా, మీ బావ కాచుకోనుండాడు" అని పెరట్లోకి స్నానానికి పోయింది.

నేను మామూలుగా కొట్టినట్టే రెండుసార్లు కొట్టాను. అంచునుంచి మబ్బు పట్టినట్టు నలుపు మొదలైంది. కంగారుపడి గుడ్డతో రుద్దాను. అంతకన్నా తెలివితక్కువ పని లేదు. చిన్న తల పోయింది, నోటి దగ్గర పెట్టుకున్న చెయ్యి పోయింది, మడిచిన కాళ్లు పోయాయి. అమ్మ వచ్చి చూసింది. ఆమె తిడితే పక్క వీధికి వినపడుతుంది. ఆ రోజు మాత్రం, "ఏం చేసినావురా అబ్బయా" అని నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా అని, మెట్టు మీద కూలబడింది. నేను రుద్దిన గుడ్డను వీపు వెనక దాచుకున్నాను.

అక్క తడి తలతో వచ్చి కాగితాన్ని చూసింది. తర్వాత అమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని పొట్ట మీదికి లాక్కుంది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంటూ, "ఉండు, చేతులు కడుక్కోలేదు" అంది.

"పొద్దుటినుంచీ కడుగుతానే ఉండావు గదమ్మా. పెట్టు. తంతా ఉండాది చూడు."

సబ్బుకు తోలూడిన చెయ్యి అక్కడ ఆగింది. కాసేపటికి అమ్మ మొహం మారింది. ఆ రోజు ఆమె ఇంకేమీ కడగలేదు. గిన్నెలు నేను తోమాను.

బావకు ఆ నల్ల కాగితాన్నే ఫోటో తీసి పంపాను. ఆయన, "అచ్చం నీ పోలికే బావమరిదీ" అని పెట్టాడు. కడుపు మండి రాశాడో, మమ్మల్ని తేలికపరచడానికి రాశాడో నేటికీ అడగలేదు. నెల తిరిగాక పాప క్షేమంగా పుట్టింది. దారులు తెరిచాక బావ వచ్చి, గేటు దగ్గర నా చేత తుడిపించుకుని, బిడ్డను ఎత్తుకున్నాడు.

ఇప్పుడా పాప ఆ కాగితాన్నే అతికించుకుని, కింద 'ఇది నేను' అని రాసుకుంది. మేము అంతగా తోమి తోమి గడిపిన రోజుల నుంచి ఇంట్లో మిగిలింది ఆ ఒక్క మరకే, కాలం మరీ శుభ్రంగా తుడుస్తుంది అని గంభీరంగా ముగిద్దామనుకున్నాను. కానీ జిరాక్సు కొట్టు అతన్ని అడిగితే చెప్పాడు: శానిటైజరు తగిలితే నల్లబడే అలాంటి కాగితం మీద అచ్చు ఎవరూ ముట్టుకోకపోయినా కొన్నేళ్లకు దానంతటదే పోతుందట. ముందే ఒక జిరాక్సు తీయించి పెట్టుకోవాలట.