పది గంటల గడియారం

"ఖలాస్ అన్నా, చిన్నాయన ఖలాస్!" మొన్న ఆసుపత్రి నుంచి మా రూమ్మేటు ఫోను. ఈ అరబ్బు దేశపు ఫహాహీల్ బజారులో గడియారాలు బాగుచేసే మా చిన్నాయన ఇక లేడు. నాకంటే కాస్తే పెద్ద, అయినా కడప వైపు వాళ్ళందరికీ చిన్నాయనే. ఈ ఖలాస్ అనే మాట ఇక్కడ మా నోళ్ళలో అరిగిపోయింది. కూర అయిపోయినా అదే, కొలువు పోయినా అదే, మనిషి పోయినా అదే.

ఆ మాటతో ఆయనకు పాత పేచీ ఒకటుంది. అంగడి కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న అరబ్బు యజమాని, ఒకసారి ఫ్రాన్సు నుంచి పాత గడియారం తెచ్చాడు. దాని మీద పదే అంకెలు. రాజు తల తీసినవాళ్ళు అక్కడ కాలం లెక్క కూడా మార్చారట. రోజుకు పది గంటలు, మధ్యాహ్నమైతే ఐదు. వారానికీ పది రోజులే. ఏడు రోజులకొచ్చే సెలవు పదికి జరిగింది. అది ఎన్నాళ్ళు నిలుస్తుంది? మాకు శుక్రవారం తీసేసి చూడండి!

సరే, గడియారం దగ్గరికి వద్దాం. మా రూమ్మేటు దాన్ని చూసి మురిసిపోయాడు. "దినానికి పదే గంటలంటే, పన్నెండు గంటల డ్యూటీ యాడ చేయిస్తారు చిన్నాయనా?"

"గంట పెద్దదైతాది నాయనా, డ్యూటీ చిన్నది కాదు" అన్నాడాయన, కంటికి బిగించిన అద్దం తీయకుండానే.

కఫీల్ దాన్ని పన్నెండు గంటలది చేయమన్నాడు. చిన్నాయన ఒప్పుకోలేదు. "చెడిపోయింటే బాగుచేస్తా బాబా. బాగుండేదాన్ని చెడపలేను."

కఫీల్ "ఖలాస్" అని వెళ్ళిపోయాడు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం కఫీల్ చేతిలో ఉంది, ఊళ్ళో చిన్నాయన కూతురి చదువు సగంలో ఉంది. పోయి కాళ్ళు పట్టుకోమన్నాం. చిన్నాయన పెట్టె సర్దుకున్నాడు. సర్దుకుని, ఆ గడియారానికి నూనె వేశాడు.

వారం తిరిగాక కఫీల్ వచ్చి పెట్టె చూశాడు. "ఎక్కడికి?"

"ఖలాస్ అంటివి గదా బాబా!"

"మజ్నూన్, పిచ్చోడా! ఖలాస్ అంటే, ఆ సంగతి ఇంక వదిలెయ్ అన్నాను. గోడకు తగిలించు దాన్ని, అట్లాగే."

అందుకే మొన్న ఫోనులో గద్దించాను. "ఏది ఖలాస్‌రా? సరిగ్గా చెప్పు." అవతల ఏడుపు వినిపించింది.

శవం ఊరికి పోవడానికి కాగితాలు ఇంకా కాలేదు. నిన్న వాటికోసం తిరిగి తిరిగి, చిన్నాయన అంగడిలో కూలబడ్డాను. మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపిస్తోంది. గోడ మీద ఆ గడియారం ముల్లు ఐదు మీదుంది. ఆయన చివరగా ఇచ్చిన కీ ఇంకా అయిపోలేదు.