ఖాదర్ తెరిచిన తలుపు

ఏళ్ల తరబడి ఒక మాట నా గుండెల మీద బండలా కూర్చుంది. దించుకునే చోటు దొరకలేదని చెప్పుకుంటూ వచ్చాను. దొరకలేదా, వెతకలేదా? వెతకలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నైజాం రాజ్యం మీద జనం తిరగబడిన రోజుల్లో నాకు పదిహేడేళ్లు. మా ఊరి దొర ఎక్కడికి బయలుదేరినా మా నాయన ఆయన బండి ముందు పరుగెత్తాలి. కూలి లేదు. ఒంట్లో బాగా లేకపోయినా తప్పదు. ఒకనాడు పరుగెత్తుతూనే పడిపోయాడు, మళ్లీ లేవలేదు. ఆ తర్వాత దొరల మీద పోరాడే సంఘంలో చేరమని నన్నెవరూ పిలవాల్సిన పని లేకపోయింది. కరపత్రాలు పంచుతూ పట్టుబడ్డాను.

ఠాణాలో పెట్టారు. ఒక శుక్రవారం మధ్యాహ్నం మిగతావాళ్లు నమాజుకు వెళ్లారు. కాపలాకు మిగిలిన జవాను ఖాదర్ నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. ఒళ్లు కాలిపోతోంది. మర్నాడు నన్ను జైలుకు తరలిస్తారని, అక్కడికి వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రారని ఆయనకు తెలుసు. వెనక తలుపు తీశాడు.

అంతే. నేను చేసిందల్లా నడిచి బయటికి రావడం.

ఎలా తప్పించుకున్నావని అడిగినవాళ్లకు కిటికీ ఊచలు వంచి దూకానని చెప్పాను. మొదట్లో అది ఖాదర్‌కు ముప్పు రాకూడదనే. నైజాం దిగిపోయాక ఆ కారణం పోయింది, కథ మాత్రం ఉండిపోయింది. దాని పుణ్యమా అని ఆబిడ్స్‌లో పుస్తకాల దుకాణంలో ఉద్యోగం దొరికింది, పెళ్లయింది, పదిమందిలో పేరు వచ్చింది. మా దొర ఖద్దరు కట్టి మళ్లీ పెద్దమనిషయ్యాడు. ఖాదర్ కొలువు పోయింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు ఆయన దుకాణంలోకి వచ్చాడు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మా మేనేజరు పక్కనే ఉన్నాడు.

“గుర్తువట్టినవా బిడ్డా? గన్‌ఫౌండ్రీల ఒక ఆఫీసుల చౌకీదారు పని ఉన్నది. ఠాణల ఉద్యమమోళ్లను కొట్టినవ్ అంటున్రు నన్ను. నువ్వు జర వచ్చి, కొట్టలే, నన్ను ఇడిసిపెట్టిండు అని ఒక్క మాట చెప్తె సాలు.”

మేనేజరు నా వైపు తిరిగాడు. “విడిచిపెట్టడమేంటండీ? మీరు ఊచలు వంచుకుని కదా వచ్చారు?”

“ఈయనెవరో నాకు తెలియదు,” అన్నాను.

ఖాదర్ కోప్పడలేదు. “ఔ, మర్శిపోయినవేమో. అప్పుడు నీకు జరం మస్తుగుండె,” అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తిట్టినా బాగుండేది. నేను వెతుక్కోవాల్సిన సాకు కూడా ఆయనే ఇచ్చి వెళ్లాడు. ఆ పని ఆయనకు దొరకలేదు. తర్వాత ఒకసారి ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోస్తూ కనబడ్డాడు. ఆ వయసులో ఆయన్ని అక్కడికి నెట్టింది నేనే కదా, మరి మా నాయనను పరుగెత్తించిన దొరకూ నాకూ తేడా ఏమిటి అనుకుంటూనే, పిలవకుండా, రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయాను.

కిందటి చలికాలం ఆయన ఇల్లు వెతుక్కుంటూ నాంపల్లి స్టేషను వెనక సందులోకి వెళ్లాను. ఖాదర్ లేడు. పోయి చాలా రోజులైందట. ఆయన కూతురు కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. ఆమె మిషను ఆపింది.

“అబ్బా మిమ్మల్ని ఎన్నడు ఒక్క మాట అనలే. పిలగాడు పాపం మర్శిపోయిండు అనేటోడు. మర్శిపోలేదా మీరు?”

“లేదమ్మా. చూడగానే గుర్తుపట్టాను.”

ఆమె బట్టను మళ్లీ సూది కిందికి జరిపింది. “గా సంగతి తెల్వకుంటనె పోయిండు. మంచిదే అయింది. ఇగ పోండి.”

క్షమించమని అడగలేదు. అడిగే మొహం ఎక్కడిది? సందులోంచి బయటికి వచ్చాక ఛాతీలో ఏదో వదులైనట్టు అనిపించింది. ఊపిరి కడుపు దాకా వెళ్లింది. విపరీతంగా ఆకలి వేసింది. స్టేషను ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చుని సమోసాలు తెప్పించుకున్నాను. సిగ్గుగా లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. అయినా కడుపు నిండా తిన్నాను.