లోయ మెట్ల మీద తీసిన వీడియో

మా ఆయన పాశమైలారంలోని ఒక మందుల కంపెనీలో, రసాయనాలు కాగే రియాక్టర్ దగ్గర ఆ పొగలోనే పనిచేసేవాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పోయిన వానాకాలం కంపెనీ మా కుటుంబాలను బస్సులో నల్లమల అడవికి, జలపాతం చూడటానికి తీసుకెళ్లింది. పులుల అడవి కాబట్టి గట్టిగా అరవొద్దని ఫారెస్టువాళ్లు చెప్పారు. అయినా లోయలోకి దిగి ఆ ధార కింద నిలబడగానే మా ఆయన కేకలు పెట్టాడు. పెళ్లయ్యాక ఆయన అంత సంతోషంగా ఉండటం నేను చూడలేదు.

తిరిగి ఎక్కేటప్పుడు సగం మెట్ల దగ్గరే కూలబడ్డాడు. పెదవులు నల్లబడ్డాయి. మాతో వచ్చిన ఆయన సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తి వీడియో తీశాడు.

"ఏందిరా, కుక్క లెక్క రొప్పుతున్నవ్? ముసలోళ్లు ఎక్కుతున్నరు సూడు!"

అందరూ నవ్వారు.

"సార్, జెర ఆపుండ్రి. ఆయనకు ఊపిరి ఆడుతలేదు" అని బతిమాలాను.

"గట్లయితే మా కాడ పనెట్ల చేస్తుండమ్మా?" అన్నాడు, ఫోన్ నా వైపు తిప్పి.

సోమవారం ఆయనను గేటు దగ్గరే ఆపి, ఇక పనికి రావద్దన్నారు. వీడియో మేనేజర్ దాకా వెళ్లిందట. నేను సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, ఆ జబ్బు మీ రియాక్టర్ పొగ వల్లే వచ్చిందన్నాను.

"నీళ్లల్ల తడిసిండు, సలి పట్టింది. మాకేం సంబంధం?" అన్నాడు. మళ్లీ తనే, "ప్యాకింగ్‌ల మనిషి కావాలె. నువ్వొస్తవా?" అని అడిగాడు.

వెళ్తున్నాను. పొద్దున్నే ఆ సూపర్‌వైజర్ ఎదురైతే నమస్తే పెడుతున్నాను.