మూడో సిలిండర్

మా తమ్ముడు ఇంజిన్ల మెకానిక్. వీధిలో పోయే బస్సు దగ్గు విని, మంచం మీద నుంచే దాని జబ్బు చెప్పేవాడు. ఓసారి నిద్రలో మా నాన్న గురక విని "ప్లగ్గులు మార్చాలి" అన్నాడు. నమ్మకపోతే మానేయండి, నాన్న మాత్రం ఆ తర్వాత వాడి పక్కన పడుకోలేదు.

ఇప్పుడు వాడి నడుమే అరిగిపోయింది. ఇంజిన్ దించాలంటే బండి కింద వెల్లకిలా పడుకోవాలి, గొలుసు పట్టి లాగాలి. ఆ తర్వాత చాలా రోజులు గోడ పట్టుకుంటే తప్ప లేవలేడు. ఈ సంగతి ఎవరికీ చెప్పడు. షెడ్డు తలుపు తీసి, స్టూలు మీద కూర్చుని, తుడిచిన పనిముట్లనే మళ్ళీ తుడుస్తుంటాడు.

వాడి కూతురు అద్దె కారు నడుపుతుంది. వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది ఆ కారు మీదే. నలుగురు ఎక్కితే కొండ దారిలో బండికి ఆయాసం, వెనక నీలం పొగ. అల్లుడు ఎక్కడో పాత సూపర్‌ఛార్జర్ సంపాదించి తెచ్చాడు. ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టే యంత్రం అది.

"మామయ్యా, ఇది పైన బిగిస్తే చాలట. కొండ దానంతటదే వంగుతుందట."

"బిగిద్దాం బాబూ," అన్నాడు తమ్ముడు.

నీలం పొగ కనిపిస్తే ముందు పిస్టన్ రింగులు అరిగాయేమో చూడాలనే మనిషి వాడు.

"ఒరేయ్, ఆయాసం మనిషి నోట్లో కొలిమితిత్తి పెడతావా?" అన్నాను.

"నీకెందుకన్నయ్యా. పైపని, సాయంత్రానికి అయిపోతుంది." వాడు నా ముఖం చూడలేదు.

అప్పుడే కూతురు వచ్చింది. "వేలు పెట్టి చూశావా నాన్నా?"

అది వాడి పద్ధతి. ఏ బండి వచ్చినా ఒక్కో ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు అదిమి, తాళం తిప్పమంటాడు. ఆరోగ్యంగా ఉన్న సిలిండర్ వేలిని విసిరికొడుతుంది. చిన్నప్పుడు కూతురి చేత కూడా పెట్టించేవాడు.

"చూశాలేమ్మా."

ఆమె ఒక్కో ప్లగ్గు విప్పి, వేలు అదిమి, మొగుణ్ణి తాళం తిప్పమంది. మొదటిది వేలిని తోసేసింది. రెండోదీ అంతే. మూడోదాని మీద మాత్రం వేలు అత్తారింట్లో కొత్తల్లుడిలా కదలకుండా కూర్చుంది.

"దీనికి ఊపిరే లేదు. పైనుంచి గాలి కొడితే కొండ మధ్యలో ఇంజిన్ ముక్కలై చేతికొస్తుంది. నీకు తెలుసుగా?"

"తెలుసు." చేతిలో గుడ్డ మడత పెట్టాడు, విప్పాడు. "దించే ఓపిక లేదమ్మా. నడుం పోయింది."

అల్లుడు ఆ యంత్రాన్ని మెల్లిగా సంచిలో పెట్టేశాడు.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అంది కూతురు. "నువ్వు కూర్చుని చెప్పు, మేం దించుతాం."

"కూర్చుని చెప్పడం నాకు రాదు."

"తిట్టడం వచ్చుగా. అది చాలు."

కూతురు బండి కిందకు దూరింది. అల్లుడు గొలుసు లాగాడు. ఆ ఇంజిన్‌ని ఒంటి చేత్తో ఎత్తింది నేనేనని ఇప్పటికీ చెబుతుంటాను. టార్చి పట్టుకున్నది రెండో చేత్తో. తమ్ముడు పళ్ళు కొరుకుతూ తిట్టాడు, మధ్యమధ్య లేవబోయి, నడుం పట్టుకుని కూలబడ్డాడు. అరిగిన సిలిండర్ బోరు లేత్ షాపుకి వెళ్ళి సాపు చేయించుకొచ్చింది. కొత్త రింగులు పడ్డాయి.

కూతురు తాళం తిప్పింది. ఇంజిన్ అందుకుంది. కునుకు తీస్తున్న తమ్ముడు కళ్ళు తెరిచి, చెవి అటు తిప్పాడు.

"మూడోది ఇంకా కాస్త బద్ధకంగా ఉంది."

"కొత్త రింగులు కదా నాన్నా. అలవాటు పడాలి."

"అవును, అలవాటు పడాలి," అన్నాడు వాడు, స్టూలు మీద నుంచి లేవకుండా.