నాలుగు గంటల అంజీరు

ఆ రోజు దుకాణంలో ఉన్నది ముగ్గురం: నేను, దుకాణం యజమాని అయిన మా మేనమామ, పెళ్ళికి అత్తరు కొనడానికి జనవాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన. బల్ల మీద ఒక సీసా, రెండు తెల్ల దస్తీ రుమాళ్ళు, దూది, నా నోటుపుస్తకం.

సీసాలో ఉన్నది నేను చేసిన పచ్చి అంజీరు అత్తరు. కెమిస్ట్రీ డిగ్రీ చదివి మామ దగ్గర చేరాక రెండేళ్ళూ గులాబీ, మల్లె, చందనం కలిపాను. అవన్నీ మామవి. ఇది నాది. బీదరులో మా ఇంటి దగ్గరి పార్కులో, కుళాయి పక్కన ఒక అంజీరు చెట్టు ఉంది. పొద్దున మాలి పైపుతో నీళ్ళు కొట్టగానే అక్కడ ఒక వాసన లేస్తుంది. కోసిన గడ్డి, పచ్చి కొబ్బరి, ఆకు చేదు, తడిసిన ఎర్రమట్టి. ఆ నాలుగూ కలిసి వచ్చేసరికి ముప్పై ఒక్కసార్లు కలపవలసి వచ్చింది.

మా దుకాణానికి ఒక నియమం ఉంది. కొత్త అత్తరు ఏదైనా దస్తీ మూలకు ఒక చుక్క అద్ది మేకుకు తగిలిస్తారు. మర్నాడు అదే వేళకు వాసన రావాలి. రాకపోతే అది అరలోకి ఎక్కదు. నా అంజీరు మధ్యాహ్నానికే ఎగిరిపోయింది.

రెండో పరీక్షకు అందులో చందనం కలిపాను. మర్నాటికి దస్తీ ఘుమఘుమలాడింది. మామ భుజం తట్టాడు. నేను వాసన చూశాను. పార్కు లేదు. మిగిలింది చందనం, అది మా అరలో ఎప్పటినుంచో ఉంది.

అందుకే ఆ రోజు చందనం లేని సీసానే మళ్ళీ బల్ల మీద పెట్టాను.

"రేపటిదాక ఉండనిది అత్తరెట్లయితదిరా?" అన్నాడు మామ.

"ఇది గిట్లనే ఉంటది మామా. చందనం కలిపింది అరల పెడితే రేపటి సంది నేను రాను."

మామ ముఖం ఎర్రబడింది. జనవాడ పెద్దాయన చెయ్యి చాపాడు.

"జర నాకు పెట్టు తమ్మీ." ముంజేతి మీద రుద్దుకుని వాసన చూశాడు. "అరే! పచ్చి కాయ తెంపితే పాలు కారుతయి సూడు, అచ్చం గదే."

"ఆ పాలు అంటితే చెయ్యి దురద పెడ్తది పటేలా. గా దురదకు అత్తరు చేసిండు మా అల్లుడు!"

"దురద తీసేసి వాసన ఉంచిండు గదా. ఎంతసేపుంటది తమ్మీ?"

"నాలుగు గంటలు."

"సాలు. పెండ్లి రెండు గంటలల్ల అయిపోతది. ఒకటియ్యి."

మామ నవ్వు ఆపుకోలేకపోయాడు. పెద్దాయన వెళ్ళాక నా వైపు తిరిగాడు. "అరల పెట్టు. ఎంతసేపుంటదో సీసా మీదనే రాయి. ఎవడన్న వాపస్ తెస్తే జవాబు నువ్వే చెప్పాలె. నన్ను పిలవకు."

నాలుగు గంటలని సీసా చీటీ మీద తెలుగులో, కన్నడలో రాశాను. చిన్న అక్షరాలతో కాదు, అత్తరు పేరు ఉన్నంత పెద్దగా. తిట్టడానికి వచ్చినవాళ్ళకు ఆ చీటీ చూపించాను. చందనం మాత్రం కలపలేదు.

మొదటి నెల ఇరవై సీసాలు నింపాను. పదమూడు అమ్ముడుపోయాయి. రెండు వాపసు వచ్చాయి.